అమ్మ చేపలు, అత్తగారి పెరుగు

అన్నం మింగడం నాకు చిన్నప్పటినుంచీ కష్టమే. పొలమారడం కాదు. పొలమారితే దగ్గు వస్తుంది, ఎవరో నెత్తిమీద తడతారు, ఎవరో తలుచుకుంటున్నారంటారు, అక్కడితో అయిపోతుంది. నాది అలా కాదు. ముద్ద గొంతు దాటి, రొమ్ము ఎముక వెనక్కి వెళ్ళి, అక్కడ కూర్చునేది. ఇక కదిలేది కాదు. ఆ సమయంలో నేను మాట్లాడగలను, ఊపిరి తీసుకోగలను, అడిగితే పదహారో ఎక్కం అప్పజెప్పగలను. మింగడం ఒక్కటే కుదరదు. అందుకే నా బాధ ఎవరూ నమ్మేవారు కాదు.

మా పుట్టిల్లు పాయకరావుపేట నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న పల్లె. మాకు జీడితోట ఉండేది. మా అమ్మ రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, రేవు నుంచి తట్ట పట్టుకుని వచ్చే చేపలావిడ కోసం ఎదురు చూసేది. చేప లేని పూట ఆవిడ లెక్కలో ఉపవాసమే. నేను ముళ్ళకి భయపడి నెమ్మదిగా తింటున్నానని చాలాకాలం అనుకుంది. ముళ్ళన్నీ ఏరి పెట్టింది. అయినా నేను ముద్దకో గుక్క నీళ్ళు తాగుతూ గంటసేపు తింటూనే ఉన్నాను. చివరికి నా గొంతు పుట్టుకతోనే సన్నమని తేల్చి, ఆ విషయం పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ దగ్గర ఎత్తవద్దని నన్ను హెచ్చరించింది.

తొంభైల్లో నాకు పెళ్ళయి నర్సీపట్నం వచ్చాను. అక్కడే ఒక బళ్ళో లెక్కల టీచరుగా చేరాను. మా ఆయనకి కరెంటాఫీసులో పని. ఇంటి పెత్తనమంతా మా అత్తగారిది, ఆవిడ మీద పెత్తనం రెండు గేదెలది. మా అత్తగారు ఎవరి మంచిచెడ్డలైనా వాళ్ళింటి పెరుగుని బట్టి చెప్పేవారు. ఆవిడ తోడుపెట్టిన పెరుగు గిన్నె బోర్లించినా జారేది కాదు. కొత్త చుట్టాలెవరైనా వస్తే గిన్నె నిజంగానే బోర్లించి చూపించేవారు. నేను వచ్చిన మొదటివారంలోనే నాకూ చూపించారు. నిజం చెప్పాలంటే, చేపల మధ్య పెరిగిన నేను ఆ పెరుగుకి లొంగిపోయాను. కూరన్నం ఎంతసేపు పట్టినా సరే, చివర్లో మెత్తగా పిసుక్కున్న పెరుగన్నం ఉందన్న ధైర్యంతోనే కంచం ముందు కూర్చునేదాన్ని.

ఇంట్లో తినడం ఒక ఎత్తు, పెళ్ళిళ్ళలో తినడం ఒక ఎత్తు. ఆ రోజుల్లో బంతి భోజనాల్లో అందరూ ఒకేసారి కూర్చుని ఒకేసారి లేవాలి. వరసంతా చేతులు ఎండబెట్టుకుని నా విస్తరి వైపు చూస్తూ ఉండేది. తరవాతి బంతివాళ్ళు నా వెనకే నిలబడి గొంతు సవరించుకునేవారు. కొత్తకోడలు ఆబగా కాకుండా ఎంత ఒద్దికగా తింటోందో అని మొదట్లో మెచ్చుకున్నారు. మూడో పెళ్ళి నాటికి నన్ను ఆఖరి బంతిలో, గోడవారగా కూర్చోబెట్టడం మొదలుపెట్టారు.

ఇలా పదేళ్ళు గడిచాయి. తరవాత ఒకరోజు, మా బళ్ళో పనిచేసే ఒకావిడ కొత్తింట్లోకి చేరిన విందులో, కోడిమాంసం ముక్క ఒకటి నా రొమ్ము వెనక అడ్డం పడింది. అలవాటు ప్రకారం నీళ్ళు తాగాను. నీళ్ళు తిరిగి వచ్చేశాయి. సోడా తాగమన్నారు, అదీ తిరిగొచ్చింది. అరటిపండు మింగితే తోసుకుపోతుందని ఒక పెద్దాయన గట్టిగా చెప్పాడు. అరటిపండు వెళ్ళి కోడిముక్క మీద కూర్చుంది. ఉమ్ము కూడా దిగడం లేదు. స్టీలు గ్లాసు ఒకటి చేతిలో పట్టుకుని అందులో ఊస్తూ, వచ్చినవాళ్ళకి ఫరవాలేదండీ, మీరు భోజనం కానివ్వండి అని చెబుతూ కూర్చున్నాను.

ఊళ్ళో చూపిస్తే విశాఖపట్నం తీసుకెళ్ళమన్నారు. కారు మాట్లాడుకుని బయల్దేరాం. మా అత్తగారు ముందు సీట్లో మజ్జిగ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అనకాపల్లి దాటేదాకా, ఒక్క గుక్క తాగి చూడమని వెనక్కి తిరిగి బతిమాలుతూనే ఉన్నారు.

ఆసుపత్రిలో డాక్టరు గారు గొట్టం వేసి ఆ ముక్కని బయటికి తీశారు. వయసులో చిన్నవాడు. తీసిన తరవాత కూడా గొట్టం వెంటనే బయటికి తియ్యలేదు. ఇంకాసేపు లోపలికి చూసి, పక్క గదిలో ఉన్న ఇద్దరు డాక్టర్లని పిలిచి వాళ్ళకీ చూపించారు. నా లోపల చూడదగ్గదేదైనా ఉందని అంతవరకూ ఎవరూ అనలేదు. లోపలి నుంచి చిన్నచిన్న నలుసులు పరీక్షకి తీసుకుని, వారం తరవాత రమ్మన్నారు.

వారం తరవాత ఆయన చెప్పింది ఇది. నా గొంతు సన్నం కాదు. జబ్బు అన్నవాహికది. నేను తినేదేదో దానికి సరిపడక లోపల వాపొచ్చి, ఏళ్ళ తరబడి అలాగే ఉండి, గోడలు గట్టిపడి, నూతిలో ఒరలు దించినట్టు వలయాలు కట్టింది. జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. ఆ పేరు విని మా అత్తగారు, ఇది మింగడానికే సెంబుడు నీళ్ళు కావాల అన్నారు.

ఆ పేరుతో నాకు ఇంకో చిక్కొచ్చి పడింది. మావైపు ఇస్నోఫీలియా తెలియని ఇల్లు లేదు. దుమ్ము పడక దగ్గొచ్చిన ప్రతివాడికీ అదేనని చెబుతారు. అందుకని ఊళ్ళో ఎవరికి చెప్పినా, ఓస్ అదా, మా మరిదికీ ఉంది, ఆవిరి పట్టుకో పోతాది అనేవారు. ఇది గొంతు కింద వచ్చేదండీ అని వివరించబోతే, మా మరిదికీ కిందే అనేవారు.

డాక్టరు గారు రెండు దారులున్నాయన్నారు. ఒకటి ఉబ్బసానికి పీల్చే మందుని పీల్చకుండా మింగడం. రెండోది, సరిపడని తిండి ఏదో కనిపెట్టి దాన్ని మానెయ్యడం. మందుతో ఏటి పని, తిండే కదా, మానేత్తాది అని మా అత్తగారే నా తరపున ఒప్పేసుకున్నారు. అప్పుడాయన వేళ్ళు మడుస్తూ చెప్పారు. గోధుమ, గుడ్లు, సోయా, వేరుశనగ జీడిపప్పు లాంటివి, చేపలు రొయ్యలు, పాలు. ఆరూ కొన్ని వారాలపాటు పూర్తిగా మానాలి. లోపల నయమైతే ఒక్కొక్కటే మళ్ళీ తిని చూడాలి.

ఆరో వేలు మడిచేసరికి మా అత్తగారి ముఖం మారిపోయింది.

"బాబూ, పాలంటే పేకెట్టు పాలేనా?"

"అన్ని పాలూనమ్మా."

"మాది గేది పాలు. నాను సొయంగా మేపుతాను."

"గేదె పాలైనా, ఆవు పాలైనా ఒకటేనమ్మా. పెరుగు, నెయ్యి, మజ్జిగ, అన్నీ పాల కిందే లెక్క."

"పెరుగు పాలెలగవుతాదండీ? అయితే తోడెందుకేత్తాం?"

డాక్టరు గారు గడియారం చూసుకున్నారు. తరవాతిసారి వచ్చినప్పుడు మాట్లాడుకుందామన్నారు.

ఈ వార్త మా పుట్టింటికి చేరింది. మరునాడే అమ్మ బస్సు దిగింది. నన్ను పలకరించిన తరవాత, ఆరింట్లో ఏవేం ఉన్నాయో మళ్ళీ చెప్పించుకుంది. చేపలూ జీడిపప్పూ మాత్రం ఇంకోసారి చెప్పించుకుంది. తరవాత, తన పెళ్ళికి ముందునుంచీ తమ వంశంలో అందరూ ఈ రెండూ తిని బతికినవాళ్ళేనని, ఒక్కరికీ ముద్ద అడ్డం పడలేదని, ఎవరితోనూ కాకుండా గోడతో చెప్పింది. వంటింట్లోంచి మా అత్తగారు, పెళ్ళికి ముందునించీ ఈ పిల్లకి అడ్డం పడుతున్నాదని నీ కూతురే డాట్రుగారికి సెప్పింది గదా వదినా, అప్పుడు మా గేది పాలు తాగలేదు గదా అన్నారు. మీ గేది లేపోతే మాకు ఆవు లేదేటి అంది అమ్మ, ఆవేశంలో తమ ఇంటి ఆవుని కూడా ఇరికిస్తున్నానని చూసుకోకుండా.

అలా నా జబ్బు ఇద్దరి పరువుకి సంబంధించిన విషయమైపోయింది. గోధుమ తరపున మాత్రం ఎవరూ లేరు. మావైపు గోధుమపిండి సుగరు వచ్చినవాళ్ళు రాత్రిపూట తినేది, అంతే. సోయా అంటే ఏమిటో మా ఆయన ఆఫీసులో కనుక్కుని రావలసి వచ్చింది. గుడ్డు సంగతి దానికే వదిలేశారు.

ఆరూ మానేశాక తినడానికేం మిగిలిందని అందరూ జాలిపడ్డారు గానీ, చాలానే మిగిలింది. అన్నం, పప్పు, కూరగాయలు, ఇడ్లీ, చోడి అంబలి అనే రాగిజావ, కోడిమాంసం. పులిహోరలో వేరుశనగలు తీసెయ్యాలి, టీ నల్లగా తాగాలి. కష్టం పెరుగు దగ్గరే వచ్చింది. భోజనం అయిపోయిందని నా కడుపుకి తెలిసేది కాదు. చారన్నంతో చెయ్యి కడుక్కుంటుంటే, సినిమా మధ్యలో లేచి వచ్చేసినట్టుండేది. నా ఎదురుగా కూర్చుని పెరుగన్నం తినడానికి మా ఆయన మొహమాటపడి, గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళి తినేవారు. అక్కడ జుర్రుకుంటున్న చప్పుడు నాకు ఇక్కడికి వినబడేది.

ఒకరోజు పొద్దున్న, బడికి టైమైపోతోందని నిలబడే నాలుగు ఇడ్లీలు తినేసి గేటు దాకా వెళ్ళాను. అక్కడ గుర్తొచ్చింది. నీళ్ళు తాగలేదు. ఇడ్లీ లోపలికి వెళ్ళిన సంగతే నాకు తెలియలేదు. వెనక్కి వచ్చి వంటింట్లో ఇంకో ఇడ్లీ తీసుకుని, పొడిగా, నీళ్ళు లేకుండా తిన్నాను. అదీ దిగిపోయింది. ముప్ఫై ఏళ్ళు దాటాక ఆరోజు తెలిసింది నాకు, మిగతా జనమంతా తినేటప్పుడు కబుర్లెలా చెప్పుకుంటారో. బడికి ఆలస్యమైంది. కారణం రాయమన్న హెడ్‌మాస్టరు గారికి ఇడ్లీ అని రాయలేక తలనొప్పి అని రాశాను.

గొట్టం వేసి చూసి, లోపల బాగా నయమైందన్నారు డాక్టరు గారు. ఇక ఒక్కొక్కటే తిని చూడాలి. ఈసారి ఇద్దరు తల్లులూ నాతో వచ్చారు. మా అత్తగారు డాక్టరు గారికి పెరుగు తెచ్చారు. మా అమ్మ జీడిపప్పు, ఎండురొయ్యలు తెచ్చింది. ఆయన ఎంత వద్దన్నా బల్ల మీద పెట్టేశారు. ముందు చేపలతో మొదలెడదామని, పాలు ఆఖర్న చూద్దామని ఆయన అన్నారు. మా అత్తగారు తృప్తిగా తలాడించారు. మీటింగుల్లో ముఖ్య అతిథిని ఆఖర్న మాట్లాడిస్తారు కదా, ఇదీ అలాంటి మర్యాదేనని అనుకున్నారట. ఎక్కువమందికి పడనిది పాలేనని డాక్టరు గారు నాకు విడిగా చెప్పారు. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు.

చేపల మొదటిరోజు మా అమ్మ వంజరం తెచ్చి, మా అత్తగారి వంటింట్లో, మా అత్తగారి చింతపండుతో పులుసు పెట్టింది. నేను తింటుంటే ఇంటిల్లిపాదీ నా కంచం చూడటం మానేసి నా మెడ చూశారు. ముద్ద దిగినప్పుడల్లా అమ్మ తన గొంతులోంచి దిగినట్టు గుటక వేసేది. వారాల తరబడి చేపలు తిన్నాను. మళ్ళీ పరీక్ష చేస్తే లోపల శుభ్రంగా ఉంది. ఆసుపత్రి వరండాలో మా అమ్మ పమిట సర్దుకుని, "సూసినావా వదినా, సముద్రానికి ఏ పాపమూ తెల్దు" అంది.

తరవాత జీడిపప్పు, వేరుశనగ. అవీ పడ్డాయి. అమ్మ ఇక నర్సీపట్నం రావడం తగ్గించింది. ఫోన్లో మాత్రం, ఇప్పుడేటి తింటన్నావు, ఇంకెన్నున్నాయి అని అడుగుతుండేది. గుడ్లు, సోయా, గోధుమ కూడా ఒకదాని తరవాత ఒకటి దాటేశాం. గోధుమ మీద మా అత్తగారు చాలా ఆశ పెట్టుకున్నారు. దూరదేశంది, ఎవరికీ కానిది, అదే అయ్యుంటాదని ఊరంతా చెప్పుకొచ్చారు. గోధుమకీ నాకూ ఏ గొడవా లేదని తేలినరోజు ఆవిడ బస్సులో నర్సీపట్నం దాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు.

పాల వంతు వచ్చింది. నాకు ఎవరి గెలుపూ అక్కర్లేదు, పెరుగు కావాలి. మా అత్తగారు ముందురోజు పాలు చిక్కగా కాచి, కొత్త గిన్నెలో తోడుపెట్టారు. పొద్దున్న గిన్నె బోర్లించి చూపించలేదు, మామూలుగా వడ్డించారు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. మొదటివారం హాయిగా గడిచింది. రెండోవారం కూడా ఫరవాలేదనుకున్నాను. తరవాత ఒకరోజు పప్పన్నం తింటుండగా, ఎదురుగా కూర్చున్న మా అత్తగారు వడ్డించడం ఆపేసి నన్నే చూస్తున్నారు.

"మళ్ళీ నీళ్ళు తాగుతన్నావు" అన్నారు.

"ఉక్కగా ఉందండి" అన్నాను.

"ఉక్క కాదు. ముద్దకీ ముద్దకీ మధ్యన తాగుతన్నావు. నాను నిన్నట్నుంచీ సూత్తన్నాను."

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆవిడ లేచి, నా కంచం పక్కనున్న పెరుగు గిన్నె తీసి లోపల పెట్టేశారు. పరీక్ష దాకా తినమన్నారండీ అంటే, పరీక్షకి సరిపడా తిన్నావు అన్నారు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, వెంటనే రమ్మన్నారు. గొట్టం వేసి చూశారు. సందేహం లేదు. పాలే.

ఆరోజు సాయంత్రం మా అత్తగారు పాలు పితకడానికి వెళ్ళి చాలాసేపు శాలలోనే ఉండిపోయారు. నేను వెళ్ళి పిలిస్తే, వస్తున్నానన్నారు గానీ రాలేదు. గేదె తప్పేం లేదండీ అని నేను అనబోతే మా ఆయన నన్ను ఆపేశారు.

మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు పొద్దున్నే వచ్చేసింది. ఆ వేగం చూసి నాకు భయం వేసింది. బస్సులో పక్కసీటావిడకి కథంతా చెప్పేసి వచ్చిందని ఆ తరవాత తెలిసింది. కానీ గుమ్మంలోకి వచ్చి, మా అత్తగారు మూలన కూర్చుని బియ్యం ఏరుతున్న తీరు చూసి, సంచీ కింద పెట్టి పక్కనే చతికిలబడింది. కాసేపు తనూ బియ్యం ఏరింది.

"పాలేటి సేత్తాయి వదినా. మీ పాలు బంగారంలాటివి. మా పిల్ల గొంతే మంచిది కాదు" అంది.

మా అత్తగారు తలెత్తి, "అదే నానూ అనుకుంటన్నాను" అన్నారు.

ఆ తరవాత వాళ్ళిద్దరికీ మళ్ళీ మాటా మాటా రాలేదు. చిన్నప్పుడు ఉగ్గు తాగడానికి నేనెంత ఏడిపించేదాన్నో అమ్మ చెప్పింది, అన్నం ముందు కూర్చుంటే లేవనే లేవదని అత్తగారు చెప్పారు. మధ్యాహ్నానికి తప్పంతా నాదేనని ఇద్దరూ ఒప్పుకుని, కలిసి భోంచేశారు. అమ్మ ఆ పూట పెరుగు రెండోసారి అడిగి వేయించుకుంది.

పాలు కాని పెరుగు చెయ్యడం మా అత్తగారికి ఆ ఏడాది పెద్ద పనైపోయింది. కొబ్బరిపాలు తీసి కాచి, అలవాటుకొద్దీ పెరుగు చుక్క తోడువేశారు. తోడు కూడా పాలే కదండీ అంటే, నెత్తిన చెయ్యి పెట్టుకుని మొత్తం పారబోశారు. ఈసారి పచ్చిమిరపకాయ తొడిమలు వేసి తోడుపెట్టారు. ఏదో ఒకటి పేరుకుంది. పైన నీళ్ళు, కింద నూనె, మధ్యలో పెరుగు లాంటిది. మా ఆయన తిని, బాగుందన్నారు. ఏం బాగుందో చెప్పమంటే చెప్పలేకపోయారు. వేరుశనగ పాలతో చేసింది కుక్క కూడా ముట్టలేదు.

చివరికి ఒక వేసవిలో, తన చిన్నతనంలో వాళ్ళమ్మ పెట్టే తరవాణి గుర్తొచ్చింది ఆవిడకి. కుండలో గంజీ, అన్నం పోసి పులియబెట్టి, ఆ పుల్లటి నీళ్ళతో చద్దన్నం కలుపుకుని తినేది. బీదరికంలో తిన్నదని ఇంట్లో దాని మాట ఎత్తేవారు కాదట. కుండ కొని తెచ్చి పెట్టారు. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసుకుని తిన్నాను. పెరుగు కాదు. కానీ పుల్లగా, చల్లగా, భోజనం పూర్తయిందని కడుపుకి చెప్పేలా ఉంది. అప్పటినుంచీ మా ఇంట్లో ఆ కుండ నాది.

బయట తినడం మాత్రం తేలిగ్గా కుదరలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు కాఫీ ఇస్తారు. నాకు పాలు పడవండీ అంటే, కొంచెమే తాగండి అంటారు. జబ్బండీ అంటే ఏ జబ్బంటారు. పేరు చెబితే మా మరిదికీ ఉందంటారు. ఒకసారి బలిఘట్టంలో దూరపు చుట్టాలింట్లో ఈ సంభాషణ సగంలో ఉండగా, మా అత్తగారు విసుగెత్తి అడ్డం వచ్చారు.

"దానికి మొక్కుందమ్మా. పాలు ముట్టుకోదు" అన్నారు.

అంతే. ఆ ఇల్లాలు గ్లాసు చటుక్కున వెనక్కి తీసుకుంది. నెయ్యి వేసిన పళ్ళెం కూడా తీసేసి కడిగిన పళ్ళెం తెచ్చింది. ఏ దేవుడికని అడగలేదు, ఎన్నాళ్ళని అడగలేదు. జబ్బుకి దొరకని గౌరవం మొక్కుకి దొరుకుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆరోజు నుంచీ ఊరంతటికీ అదే సమాధానమైంది. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు కూడా, మొక్కున్న టీచరమ్మకి విడిగా తీశామండీ అని నూనెతో చేసిన పులిహోర తెచ్చి పెట్టేవారు.

దానివల్ల ఒక ఇబ్బంది వచ్చింది. మా వీధిలో ఒకావిడ పదో తరగతి పరీక్షల ముందు కూతుర్ని తీసుకొచ్చి నా కాళ్ళకి దండం పెట్టించింది. ఇన్నేళ్ళు పాలు ముట్టకుండా ఉన్నవాళ్ళ నోటి మాట ఊరికే పోదని, లెక్కల్లో గట్టెక్కేలా దీవించమని అడిగింది. మొక్కూ లేదు, ఏమీ లేదని చెప్పబోయాను. వెనక నుంచి మా అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసి నొక్కారు. సరేనని ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి దీవించాను. తరవాత పుస్తకం తెచ్చుకోమని చెప్పి, సాయంత్రాలు కూర్చోబెట్టి భిన్నాలు చెప్పాను. ఆ పిల్ల పాసయింది. తల్లి వచ్చి, అంతా మొక్కు మహిమేనమ్మా అని అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళింది.